అక్వేరియం నీళ్లకు అంకె కావాలి, "బాగున్నాయి" అంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అక్వేరియాల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు చక్కగా ఉన్నాయి. ఎంత తొట్టెకు ఎన్ని చేపలు, మేత ఎంత, తొట్టె ఏ గోడకు పెట్టాలి, అన్నీ వివరంగా రాశారు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నెలకోసారి దుకాణంలో పరీక్ష చేయించుకుంటే సరిపోతుందని ఒక్క వాక్యంతో దాటేశారు. నా పేచీ ఆ ఒక్క వాక్యంతోనే.

నేను ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసి మానుకున్నదాన్ని. టైగర్ రొయ్య కాలంలో చేరాను. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చి గుంటల లెక్కలన్నీ మారిపోయాక కూడా చాలా ఏళ్లు అదే బల్ల దగ్గర గాజు గొట్టాలు కడిగాను. గుంటలో లక్షలు పోసిన రైతు ల్యాబుకు వస్తే అంకె అడుగుతాడు. పొద్దున పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) ఎంత, సాయంత్రం ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎందుకు వచ్చిందని నిలదీస్తాడు. "పరవాలేదు, బాగుంది" అని పంపిస్తే మళ్లీ మన గడప తొక్కడు. అదే మనిషి ఇంట్లో మనవడి తొట్టెలో చేప తేలితే, ఇంటికి తగలవలసిన దిష్టిని అది తీసుకుపోయిందని సరిపెట్టుకుంటాడు. దిష్టిని కొలిచే కిట్టు నేనెక్కడా చూడలేదు. చేపల రెట్ట నుంచి, మిగిలిన మేత నుంచి నీళ్లలో చేరే అమోనియాను కొలిచే కిట్టు మాత్రం ఉంది.

మా పై వాటాలో ఏడో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు పెంచుతున్నాడు. ఈ మధ్య చేపలన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తుంటే, కూల్‌డ్రింక్ సీసాలో సగం దాకా తొట్టె నీళ్లు పట్టుకుని ఊళ్లో ఒక దుకాణానికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడి అబ్బాయి మూత లేని డబ్బాలోంచి నీళ్లు తగిలితే రంగు మారే స్ట్రిప్పు ఒకటి తీసి ముంచాడు, ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు, "నీళ్లు బాగున్నాయి మేడం, చేపలకే ఏదో జబ్బు" అన్నాడు. నీలం మందు ఒక సీసా, పసుపు మందు ఒక సీసా చేతిలో పెట్టాడు. ఎంత వచ్చిందని అడిగితే "అన్నీ నార్మలే" అన్నాడు. ఆ స్ట్రిప్పు మీద పీహెచ్, హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం), ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం), నైట్రైట్, నైట్రేట్, క్లోరిన్ గడులున్నాయి. అమోనియా గడి లేదు. బజారులో ఎక్కువగా దొరికే స్ట్రిప్పులన్నీ ఇంతే, అమోనియాకు వేరే స్ట్రిప్పు కొనాలి. చేప నోరు తెరుచుకుని పైకి వచ్చిందంటే ఆక్సిజన్ తగ్గి ఉండాలి, లేదా మొప్పలను అమోనియా, నైట్రైట్ దెబ్బతీస్తూ ఉండాలి. అమోనియా చూడకుండా నీళ్లు బాగున్నాయనడం థర్మామీటరు పెట్టకుండా జ్వరం లేదనడమే.

స్ట్రిప్పుల మీద నాకు కోపం లేదు. మూత బిగించి, తేమ తగలకుండా, గడువు తేదీ లోపల వాడితే మోటు అంచనాకు పనికొస్తాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో మూత తీసిపెట్టిన డబ్బాలోని స్ట్రిప్పు, నీళ్లలో ముంచకముందే సగం తడిసినట్టు లెక్క.

ఇంటికొచ్చాక పిల్లవాడి నోటు పుస్తకం చూశాను. వాడి దగ్గర ఒక పీహెచ్ కిట్టు ఉంది. రోజూ చుక్కలు వేసి, రంగు చూసి, శ్రద్ధగా రాసుకున్నాడు. పేజీ నిండా 7.6, 7.6, 7.6. అంత కుదురుగా ఉండే తొట్టెను నేనెక్కడా చూడలేదు. కిట్టు తెప్పించి చూస్తే దాని రంగుల కార్డు 6.0 దగ్గర మొదలై 7.6 దగ్గర ఆగిపోతోంది. నీళ్లు 7.6 ఉన్నా 8.4 ఉన్నా ఆ కిట్టు చూపేది ముదురు నీలమే. అంతకు మించి చూపడానికి దానికి రంగు లేదు. పై అంకెలు చూపే కిట్టుతో అదే నీళ్లు పరీక్షిస్తే 8.4 వచ్చింది.

ఆ తేడా ఎంత పెద్దదో మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం. అమోనియా కిట్టు చూపేది మొత్తం అమోనియా. అందులో రెండు రూపాలు కలిసి ఉంటాయి. ఒకటి అమోనియం, దానితో చేపకు పెద్దగా ప్రమాదం లేదు. రెండోది విడి అమోనియా, మొప్పలను కాల్చేది అదే. ఏది ఎంత ఉంటుందో తేల్చేవి పీహెచ్, నీటి వేడి. నీళ్లు 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 దగ్గర విడి అమోనియా నూటికి ఒక వంతు కూడా ఉండదు. 7.6 దగ్గర 3 వంతులుంటుంది. 8.4 దగ్గర 17 వంతులకు పోతుంది. పిల్లవాడి తొట్టెలో మొత్తం అమోనియా 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంది. కిట్టు చెప్పిన 7.6ను నమ్మితే విషం 0.03. అసలు పీహెచ్‌తో లెక్క వేస్తే 0.17. ల్యాబులో మేము 0.05 దాటితే రైతుకు ఫోను చేసేవాళ్లం. కిట్టు అబద్ధం చెప్పలేదు, వాడు చుక్కలు తప్పు లెక్కపెట్టలేదు. కార్డు చివరి గడిలో వచ్చిన రంగును జవాబు అనుకోకూడదని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఏ పరీక్షలోనైనా రీడింగు కార్డు చివరి గడిలో పడిందంటే "ఇంతకు తక్కువ కాదు" అని మాత్రమే అర్థం.

అమోనియా ఎందుకు పెరిగిందంటే, వాళ్లమ్మ పండగకు ఇల్లు శుభ్రం చేస్తూ ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండి ఉతికింది. అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఆ జిగురులోనే కాపురముంటాయి. క్లోరిన్ నీళ్లతో వాటిని ఇల్లు ఖాళీ చేయించింది. స్పాంజిని కడగాలంటే తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే ఒకసారి ముంచి పిండాలి. మేత ఆపించి, క్లోరిన్ పోయిన నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తూ వచ్చాం. నీలం, పసుపు మందుల సీసాలు మూత తీయకుండా అటక మీద ఉన్నాయి.

మా వీధిలోనే ఇంకొకరిది దీనికి సరిగ్గా తిరగబడిన కథ. చేపలకు కూడా మంచి నీళ్లే పోయాలని ఆయన మినరల్ వాటర్ క్యాన్లు తెప్పించి తొట్టె నింపారు. టీడీఎస్ మీటరు పెట్టి యాభై కూడా లేదని అందరికీ చూపించేవారు. టీడీఎస్ మీటరు నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. అది ఏ లవణమో దానికి తెలియదు, అమోనియా సంగతి అసలే తెలియదు. వడపోసిన ఆ నీళ్లలో ఆల్కలినిటీ దాదాపు ఉండదు. సూక్ష్మజీవులు ఒక గ్రాము అమోనియా నైట్రోజన్‌ను మార్చడానికి ఏడు గ్రాముల ఆల్కలినిటీని ఖర్చు పెడతాయి. జమ లేని ఖాతాలోంచి ఖర్చు కాబట్టి పీహెచ్ జారుతుంది, జారితే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది, అమోనియా పేరుకుంటుంది. అయినా పీహెచ్ తక్కువ కాబట్టి అదంతా అమోనియం రూపంలోనే ఉండి చేపలు బతికేస్తాయి. ఒకనాడు క్యాన్ రాక ఆయన సగం తొట్టె బోరు నీళ్లతో నింపారు. పీహెచ్ ఒక్కసారిగా 8 దాటింది, పేరుకున్నదంతా విషంగా మారింది. తెల్లారేసరికి తొట్టె ఖాళీ. బోరు నీళ్లే చంపాయని ఆయన ఇప్పటికీ అంటారు. నీళ్లు మార్చేముందు తొట్టెలో పీహెచ్, అమోనియా, పోయబోయే నీళ్లలో పీహెచ్, ఈ మూడూ చూసి ఉంటే ముందే తెలిసేది.

ఇక శాంపిలు పట్టుకెళ్లే తీరు. కూల్‌డ్రింక్ సీసాలో అడుగున మిగిలిన చుక్క కూడా ఆమ్లమే. నీళ్ల సీసా అయినా సరే, తొట్టె నీళ్లతోనే రెండు మూడుసార్లు తొలిచి, నీళ్లలోపల ముంచి, గాలి బుడగ లేకుండా మూతి దాకా నింపి, లోపలే మూత బిగించాలి. సగం సీసా నీళ్లు స్కూటరు మీద కుదుపుకుంటూ పోతే కరిగిన కార్బన్ డయాక్సైడ్ తప్పించుకుంటుంది, పీహెచ్ మారుతుంది. బోరు నీళ్లకు ఇది మరీ ఎక్కువ. తోడిన వెంటనే ఒక అంకె, గాలి బుడగలు వదిలే గాలిరాయి పెట్టి ఒక రోజు ఉంచాక ఇంకో అంకె. చేప బతికేది రెండో అంకెలో. క్లోరిన్ సంగతి దీనికి తలకిందులు. దాన్ని కుళాయి దగ్గరే, పట్టిన నిమిషంలోనే చూడాలి. రాత్రంతా బిందెలో ఉంచి పొద్దున దుకాణానికి తీసుకెళ్తే క్లోరిన్ లేదనే వస్తుంది, కుళాయి నీళ్లు నేరుగా పోసిన చేపకు మాత్రం మొప్పలు కాలతాయి. తాగేనీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన కోసం పెట్టిన నియమం. మునిసిపాలిటీ నీళ్లు మంచివని వచ్చిన రిపోర్టు చేపకు వర్తించదు.

పరీక్ష ఏ పూట చేశారన్నదీ ముఖ్యమే. మొక్కలున్న తొట్టెలో తెల్లవారుజామున పీహెచ్ తక్కువ, మధ్యాహ్నం దీపం వెలుగులో ఎక్కువ. రొయ్యల గుంటలో ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూసేది అందుకే. సోమవారం పొద్దున అంకెను శనివారం సాయంత్రం అంకెతో పోలిస్తే లేని భయం పుడుతుంది, ఉన్న భయం దాగుతుంది.

నైట్రేట్ పరీక్షలో ఇంకో చిక్కుంది. చుక్కల కిట్లు కొన్నింటిలో ఒక సీసా అడుగున మెత్తటి లోహపు పొడి పేరుకుని ఉంటుంది. నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి రంగు తెప్పించేది ఆ పొడే. సీసాను అర నిమిషం గట్టిగా కుదపకుండా చుక్కలు వేస్తే పొడి రాదు, రంగు రాదు, నైట్రేట్ సున్నా అని తేలుతుంది. చేపలుండి, మొక్కలు లేని పాత తొట్టెలో నైట్రేట్ సున్నా అని ఎవరైనా చెబితే ముందు సీసాను అనుమానించాలి. నీళ్లలో నైట్రైట్ ఉన్నా ఈ పరీక్ష తప్పుతుంది, అప్పుడు నైట్రేట్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. కొలతల తంటా వేరే. ఒక ల్యాబు కాగితం మీద 9 అని, ఇంటి కిట్టులో 40 అని వస్తే రెండూ నిజమే కావచ్చు. ల్యాబు నైట్రోజన్ లెక్కలో, అంటే నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే రాసింది, కిట్టు నైట్రేట్ మొత్తం బరువు చూపింది. మొదటిదాన్ని 4.43తో హెచ్చవేస్తే రెండోది వస్తుంది. ఏ లెక్కో రాయని అంకె చేతిలో పెట్టుకుని ఇద్దరు స్నేహితులు పోట్లాడుకోవడం నా కళ్లతో చూశాను.

చేతి పనిలో పోయేవి చిన్నవే, కానీ అన్నీ కలిస్తే అంకె ఇంకెక్కడికో పోతుంది. గొట్టాన్ని బొటనవేలితో మూసి ఊపడం మన వాళ్లకు బాగా అలవాటు. చెమట, సబ్బు, వంటింటి నూనె అన్నీ అందులోకి దిగుతాయి. కిట్టుతో వచ్చిన మూతే వాడాలి. గీత దాకా నీళ్లు పోశామంటే, నీటి అంచు వంపు అడుగు భాగం ఆ గీతను తాకాలి. చుక్కల సీసాను నిట్టనిలువుగా పట్టుకోవాలి, వాలిస్తే చుక్క సైజు మారుతుంది. చుక్కలు లెక్కపెట్టి ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ చూసే పరీక్షలో చుక్కే తూకం మరి. ఆ పరీక్షలో 5 మిల్లీలీటర్ల నీళ్లకు ఒక్క చుక్క ఒక జర్మన్ డిగ్రీ (ఆ రెండింటినీ కొలిచే ప్రమాణం) అని కిట్టు మీద రాసి ఉంటే, నీళ్లు 10 మిల్లీలీటర్లు తీసుకోండి, చుక్క అర డిగ్రీ అవుతుంది, అంకె ఇంకా సన్నగా తెలుస్తుంది. అయిదు నిమిషాలు ఆగమంటే గడియారం చూసి ఆగాలి. రెండు నిమిషాలకు తక్కువ రంగు, ఇరవై నిమిషాలకు లేని రంగు. రంగును తెల్ల కాగితం ముందు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో పోల్చాలి. మగవాళ్లలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ఆ సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. అలాంటివారు చూసిన అమోనియా రంగు ఎవరికి పనికొస్తుంది? ఇంట్లో ఇంకొకరి చేత కూడా చూపించాలి.

కిట్టు మీదే అనుమానం వస్తే తేల్చుకునే దారి సులువు. మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌కు అమోనియా పరీక్ష చేయండి. సున్నా రావాలి. ఆకుపచ్చ వచ్చిందంటే గొట్టంలోనో సీసాలోనో దోషముంది. ఇక ఉన్న అమోనియాను కిట్టు సరిగా చూపుతోందా అన్నది రెండో పరీక్ష. 3.82 గ్రాముల అమోనియం క్లోరైడ్‌ను, అంటే పాత్రలకు కళాయి వేసేవారి నవసారాన్నే శుద్ధమైన రూపంలో, లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే నైట్రోజన్ లెక్కలో 1000 పీపీఎం ద్రావణం వస్తుంది. అందులోంచి ఒక మిల్లీలీటరును మళ్లీ లీటరుకు పెంచితే 1 పీపీఎం. ఏ జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులోనైనా అరగంట పని. ఆ నీళ్లకు కిట్టు ఏ రంగు చూపుతుందో అదే దాని నిజాయితీ.

పరీక్ష చేసిన నీళ్లను తిరిగి తొట్టెలో పోయకండి. చిన్నపిల్లల చేతికి సీసాలు అందనివ్వకండి, కొన్నింటిలో ఘాటైన క్షారం ఉంటుంది. నెస్లర్ రసాయనంతో చేసే పాత పద్ధతి కిట్లలో పాదరసం ఉంటుంది. వాటిని సింకులో పారబోయకూడదు.

మన జిల్లాల్లో అంకె అడిగే అలవాటు లేదని నేను అనను. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ బాధపడ్డ ఊళ్లలో కొత్త బోరు వేయగానే ఫ్లోరైడ్ ఎంత అని అడుగుతారు, 1.5 దాటిందా అని చూస్తారు. 2019లో జల్ జీవన్ మిషన్ మొదలయ్యాక ఊళ్లలో ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చి నేర్పుతున్నారు. పదో తరగతి దాటని వాళ్లు కూడా రంగు చూసి అంకె రాసి సంతకం పెడుతున్నారు. నెల్లూరు దుకాణంలో ఆ పని ఎందుకు కాదు?

దుకాణాల వాళ్లను నేను అడిగేది ఉచిత సేవ కాదు. రుసుము తీసుకోండి. చిన్న చీటీ మీద పీహెచ్, మొత్తం అమోనియా, నైట్రైట్, నైట్రేట్, ఆల్కలినిటీ అంకెలు, ఏ లెక్కలో కొలిచారో, శాంపిలు ఏ వేళ తీశారో, కిట్టు గడువు తేదీ ఎప్పుడో రాసివ్వండి. మందు అమ్మడం ఆ చీటీ తర్వాత. రొయ్యల ల్యాబులు పంటకూ పంటకూ మధ్య ఖాళీగానే ఉంటాయి. ఆ రోజుల్లో అక్వేరియం శాంపిళ్లు తీసుకుంటే వాళ్లకూ నాలుగు రూపాయలు వస్తాయి. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు సంవత్సరానికి ఒక ఆదివారం నెల్లూరులో బల్ల వేసుకుని కూర్చుని, జనం తెచ్చుకున్న ఇంటి కిట్లను తెలిసిన ద్రావణంతో సరిచూసి పెడితే, ఏ కిట్టు నమ్మాలో ఏది పారేయాలో ఊరికి తెలుస్తుంది. కళాశాల పెద్దలు ఈ ఉత్తరం చదివితే ఆలోచించగలరు.

మీకు నా మనవి ఒక్కటే. ఆ వ్యాసంలోని వాక్యాన్ని సవరించి మళ్లీ వేయండి. నెలకోసారి అన్న మాట కూడా మార్చాలి. కొత్త తొట్టె కుదురుకునే నాలుగు నుంచి ఆరు వారాల్లో అమోనియా, నైట్రైట్ రెండు రోజులకోసారి చూడవలసి ఉంటుంది, నెలాఖరు దాకా ఆగితే చూడడానికి చేపలు మిగలవు. సవరణ వచ్చే ఆదివారానికే వస్తే మేలు. రోహిణి కార్తెకల్లా తొట్టె నీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి, కరెంటు పోతే గాలి మోటారు ఆగుతుంది, ఇప్పుడు చేపలు తట్టుకుంటున్న అమోనియా అంకె అప్పటికి పనికిరాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
వేదాయపాళెం, నెల్లూరు